డాల్ఫిన్ నీళ్ళ మీద నిలువుగా లేస్తోంది, తోకతో కొడుతోంది. దీన్ని పద్ధతిగా గమనించడం ఎలా?

భీమిలి అమ్మాయి, మూసాపేట:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో వీడియో ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. పుట్టి పెరిగింది భీమిలిలో. మా మావయ్య కొడుకు, అంటే మా బావ, ఫైబర్ తెప్ప మీద వేటకెళ్తాడు. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అడగ్గా అడగ్గా ఒక తెల్లవారుజామున నన్ను కూడా తీసుకెళ్ళాడు.

డాల్ఫిన్లు నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని వీపులు లెక్కపెట్టుకునేవాళ్ళం. కానీ ఈసారి చూసింది ఎప్పుడూ చూడనిది. గుంపులో ఆరో ఏడో ఉన్నాయి. అన్నీ మామూలుగా తేలి, ఊపిరి వదిలి, మునుగుతున్నాయి. ఒక్కటి మాత్రం నిలువుగా పైకి లేచింది. పక్క రెక్కల కింది దాకా నీళ్ళ మీదికి వచ్చి, క్షణం సేపు అలా నిలబడి, ఎడమ పక్కకి ఒరిగి దబ్బున పడింది. మళ్ళీ లేచింది. అలా ఐదుసార్లు. ఐదుసార్లూ ఎడమ వైపే పడింది. తర్వాత తల లోపలికి పెట్టి తోకతో నీళ్ళని కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు తెప్ప చెక్క మీద కూర్చున్న నా కాళ్ళకి తెలిసింది.

ఫోన్‌లో 11 నిమిషాల క్లిప్ వచ్చింది. హైదరాబాద్ వచ్చాక డ్యూటీ అయిపోయిన తర్వాత దాన్ని టైమ్‌లైన్ మీద వేసుకుని ఒక్కో ఫ్రేమూ చూశాను. సెకనుకి 30 ఫ్రేములు. తోక దెబ్బలు మొత్తం 9. మొదటి ఆరింటి మధ్య ఎడం దాదాపు ఒకటే, 38 నుంచి 42 ఫ్రేములు. ఏడో దెబ్బకి ముందు మాత్రం 91 ఫ్రేములు ఆగింది. ఎందుకు ఆగిందా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

బావని అడిగితే ఆడుకుంటోంది అన్నాడు. మావయ్య గాలి మారే ముందు ఇలాగే చేస్తాయి అన్నాడు. ఆఫీసులో అమ్మాయిలు అది నీకు నమస్కారం పెట్టింది అన్నారు. నాకేమో దానికి ఒంట్లో బాగాలేదేమో అని దిగులు. ఆ తర్వాత బావ ఇంకో 6 క్లిప్పులు పంపాడు. అన్నిట్లోనూ ఏదో ఒక ఎగురుడు ఉంది.

నేను చదివింది బీకాం. జువాలజీ రాదు. కానీ దీన్ని పద్ధతిగా తెలుసుకోవాలని ఉంది. ఏం రాసుకోవాలి, ఎంతసేపు చూడాలి, అసలు ఇది అరుదైన విషయమా అన్నది ఎలా తేల్చాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

నల్లకుంట మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన జువాలజీ లెక్చరర్‌ని. ఒక చలికాలం చిలికా సరస్సులో ఇరావడీ డాల్ఫిన్లని లెక్కపెట్టే పడవలో నోటు పుస్తకం పట్టుకుని కూర్చున్న అనుభవం ఉంది. మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఏడో దెబ్బకి ముందు ఆగడాన్ని మీరు ఫ్రేముల్లో కొలిచారు చూడండి, అది చదివి చాలా సంతోషమేసింది. గమనించడం మీకు వచ్చేసింది. ఇక రాసుకోవడం ఒక్కటే నేర్చుకోవాలి.

ముందు మీ బావ క్లిప్పుల సంగతి. అతను ఫోన్ ఎప్పుడు తీస్తున్నాడు? డాల్ఫిన్ ఎగిరాక. అందుకే 6 క్లిప్పుల్లో 6 ఎగురుళ్ళు ఉన్నాయి. వాటిని బట్టి అది అరుదో, రోజూ జరిగేదో చెప్పలేం. జీన్ ఆల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త ఆఫ్రికాలో బబూన్ కోతుల మీద పనిచేసేవారు. కంటికి ఆనింది ఆనినట్టు రాసుకుంటూ పోతే లెక్క ఎలా తప్పుతుందో, దానికి బదులు ఏం చేయాలో 1974లో ఒక వ్యాసంలో వివరంగా రాశారు. ఇవాళ్టికీ జంతువుల ప్రవర్తన చదివే ప్రతి పిల్లకీ పిల్లాడికీ మొదటి పాఠం అదే. ఒక జంతువుని ఎంచుకుని, అనుకున్న సమయం అయ్యేదాకా అదేం చేస్తే అది రాయడం ఒక దారి. ప్రతి ఐదు నిమిషాలకి ఒకసారి గుంపు మొత్తాన్ని కళ్ళతో చుట్టేసి ఆ క్షణంలో ఏది ఏం చేస్తోందో రాయడం ఇంకో దారి. రెండిట్లోనూ గడియారం చెప్పినప్పుడు రాయాలి, డాల్ఫిన్ ఎగిరినప్పుడు కాదు. ఏమీ జరగకపోతే ఏమీ లేదు అని టైముతో సహా రాయాలి. ఆ ఖాళీ వరసలు లేకపోతే మీ 5 ఎగురుళ్ళని దేనితో పోల్చి చూస్తారు?

రెండోది పేరు పెట్టడం. "నిలువుగా లేచింది, పక్క రెక్కల కింది దాకా బయటికి వచ్చింది, ఎడమకి పడింది" అని రాశారు. అది మీరు కళ్ళతో చూసింది. "ఆడుకుంటోంది" అన్నది చూసినదానికి చెప్పుకున్న అర్థం. పుస్తకంలో రెండు గడులు పెట్టుకోండి, ఒకదాంట్లో చూసింది, రెండోదాంట్లో అనుకున్నది. మావయ్యగారి మాటని మాత్రం కొట్టిపారేయకండి. సముద్రం మీద బతికిన మనిషి. గాలి మారడం సంగతి పరీక్షకి నిలబడే మాట. మన హైదరాబాద్‌లోనే, ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ అని సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, మీ మూసాపేటకి మరీ దూరం కూడా కాదు. అలల ఎత్తు, గాలి వేగం సూచనలు రోజూ అక్కడి నుంచే వస్తాయి, ఎవరైనా చూసుకోవచ్చు. మీరు చూసిన రోజుల పక్కన ఆ అంకెలు రాసి పెట్టుకుంటే నాలుగు నెలలకి మావయ్యగారి మాటలో నిజమెంతో తెలుస్తుంది.

మూడోది, ఎవరు చేశారన్నది. దీనికి ఒక నిజమైన కథ చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర పోర్ట్ రివర్ అనే చోట బిల్లీ అనే ఆడ డాల్ఫిన్ ఉండేది. 1988లో అది ఒక కలుషితమైన కాలువలో చిక్కుకుంటే కాపాడి, కోలుకునేదాకా సుమారు మూడు వారాలు డాల్ఫిన్ల ప్రదర్శనశాలలో ఉంచారు. అక్కడ శిక్షణ పొందిన డాల్ఫిన్లు తోక మీద నిలబడి నీళ్ళ మీద వెనక్కి నడిచేవి. బిల్లీకి ఎవరూ ఏమీ నేర్పలేదు, అది ఊరికే చూసింది. తిరిగి వదిలాక, బయటి నీళ్ళలో అదే నడక మొదలుపెట్టింది. 1995లో బిల్లీతో పాటు వేవ్ అనే ఇంకో ఆడ డాల్ఫిన్ కూడా అలా నడుస్తూ కనిపించింది. తర్వాత మరికొన్ని. బిల్లీ 2009లో చనిపోయింది. అయినా ఆ అలవాటు పెరుగుతూ 2011కి అన్నిటికన్నా ఎక్కువ స్థాయికి చేరి, తర్వాత తగ్గిపోయి 2014 నాటికి రెండు డాల్ఫిన్ల దగ్గరే మిగిలింది. మైక్ బాస్లీ అనే ఆయన 30 ఏళ్ళకి పైగా అదే నదిలో అవే డాల్ఫిన్లని చూస్తూ వచ్చారు కాబట్టి ఇదంతా మనకి తెలిసింది. 2018లో తోటివాళ్ళతో కలిసి వ్యాసం అచ్చువేశారు. ఎప్పుడో ఒకరోజు పడవ మీద వెళ్ళినవాడు చూసి ఉంటే ఒక డాల్ఫిన్ తోక మీద నడిచింది అన్న ముక్క తప్ప ఇంకేం మిగిలేది? ఫలానా డాల్ఫిన్, ఫలానా చోట ఉండి వచ్చింది అని తెలియబట్టే ఆ ఎగురుడుకి చరిత్ర దొరికింది.

డాల్ఫిన్ని గుర్తుపట్టేది వీపు రెక్కని బట్టి. వెనక అంచున గాట్లు, చిరుగులు, మచ్చలు దేనికవే వేరుగా ఉంటాయి. ఎగిరే ఫొటో దొరక్కపోయినా పరవాలేదు, రెక్క ఫొటో పక్క నుంచి నిటారుగా తీయించండి.

ఇంకొక్క మాట. ఈ ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళండి. బుడుంగున మునిగి ఎక్కడో తేలే చిన్న నీటి పక్షి ఉంటుంది కదా, బుడుబుంగ, దాని మీద గడియారంతో అరగంట రాసి చూడండి. మునిగి తేలే జీవిని కాగితం మీద పెట్టడం ఎంత కష్టమో చేతికి తెలిస్తేనే సముద్రం మీద పనికొస్తుంది.

జాలారిపేట కుర్రోడు, విశాఖ:

అక్కా, మాస్టారు చదువు చెప్పారు, నేను తెప్ప మీద సంగతి చెప్తాను. మీ బావగారిని మూడు విషయాలు అడగండి. అప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉందా? వల నీళ్ళలో ఉందా, పైకి లాగేశారా? చుట్టుపక్కల కవళ్ళు గానీ నెత్తళ్ళు గానీ, ఆ చిన్న చేపల గుంపులు, తేలాయా? వల లాగేటప్పుడు జారిపడే చేపల కోసం అవి తెప్ప వెనకాల వస్తాయి, అది వేరే సంగతి. పిల్లతో ఉన్నదాని దగ్గరికి తెప్ప మరీ వెళ్ళిపోతే తోక కొట్టడం నేను చూశాను. అన్నిసార్లూ అందుకే కొడతాయని చెప్పలేను గానీ, అలా కొట్టినప్పుడు మేం ఇంజిన్ ఆపేసి ఆగిపోతాం.

ఫొటో కోసం ఎదురు వెళ్ళకండి, గుంపు మధ్యలోకి అసలే వెళ్ళకండి. వంద మీటర్ల దూరంలో ఇంజిన్ ఆపుకుని కూర్చుంటే, వాటికి ఇష్టమైతే అవే వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో డాల్ఫిన్ షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. తరమడం కూడా నేరమే.

ఇంకోటి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు ఇంజిన్ తెప్పలు, మర బోట్లు కదలవు. సముద్రం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మా ఒడ్డోళ్ళకే తెలుసు. ఇప్పటి నుంచి ఏప్రిల్ 14 దాకా ఒడ్డు మీద నుంచి రాసుకుని, ఆ 61 రోజులూ కూడా అక్కడే కూర్చుని రాస్తే, ఇంజిన్ చప్పుడుకీ ఆ తోక దెబ్బలకీ సంబంధం ఉందో లేదో కనిపిస్తుంది కదా?

నల్లకుంట మాస్టారు:

బాబూ, ఎంత మంచి మాట చెప్పావు. ఏ శాస్త్రవేత్త కోరినా అన్ని తెప్పలూ రెండు నెలలు ఆపించలేడు. అది ఏటా దానంతటదే జరుగుతోంది.

ఒడ్డు మీద నుంచి చూడటం చిన్న పనేమీ కాదమ్మా. బెర్న్డ్ వర్సిగ్, మెలనీ వర్సిగ్ దంపతులు 1970లలో అర్జెంటీనా తీరంలో కొండ అంచున థియోడలైట్ పెట్టుకుని, అదే, మన భూమి సర్వేవాళ్ళు వాడేది, దానితో డాల్ఫిన్ల దారులు కొలిచారు. అక్కడి డస్కీ డాల్ఫిన్లు నెత్తళ్ళ జాతి చేపల్ని చుట్టుముట్టి తింటాయి. వాళ్ళు గమనించిందేమిటంటే ఎగురుళ్ళన్నీ ఒకటి కావు. తల ముందుగా, చప్పుడు లేకుండా నీళ్ళలో దిగేవి వేట జోరుగా ఉన్నప్పుడు. పక్కకో బోర్లానో పెద్ద చప్పుడుతో పడేవి వేట సాగే కొద్దీ ఎక్కువయ్యేవి, అవి చేపల్ని గుంపుగా ఉంచడానికి పనికొస్తుండవచ్చు. మెలికలు తిరుగుతూ విన్యాసాలు చేసేవి తినడం అయ్యాక, ఒకదానితో ఒకటి కలిసి తిరిగేటప్పుడు. మీ డాల్ఫిన్ పక్కకి చప్పుడుతో పడింది కాబట్టి జాలారిపేట తమ్ముడు అడిగిన చేపల ప్రశ్న చాలా ముఖ్యం.

కూకట్‌పల్లి సుజాత:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆడుకుంటోంది అనడంలో తప్పేముంది? మా ఐదేళ్ళ బాబు మంచం మీద నుంచి ఎడమ పక్కకే దూకుతాడు, వాడిని చూసి కారణం ఏమిటని ఎవరూ రాసుకోరు కదా. వాటికీ సంతోషం ఉంటుందని నాకు అనిపిస్తుంది.

నల్లకుంట మాస్టారు:

తప్పేమీ లేదమ్మా. వాటికి సంతోషం ఉండదని నేను ఎక్కడా అనను. బిల్లీ నడకనే తీసుకోండి. దానివల్ల తిండి దొరకలేదు, కనిపించే లాభం ఏదీ లేదు. ఆ వ్యాసం రాసినవాళ్ళు కూడా దాన్ని ఒక ఫ్యాషన్ లాంటి అలవాటుగానే చెప్పారు. కానీ ఏళ్ళ తరబడి చూశాకే ఆ మాట అన్నారు. మనం కూడా తిండి, తెప్ప, జబ్బు, ఒంటికి అంటుకున్నది ఏదైనా, ఇవన్నీ చూసి పక్కన పెట్టాకే ఆ మాట అనాలి. ముందే ఆట అనేస్తే, నిజంగా నొప్పితో కొట్టుకుంటున్న జంతువుని చూసి మనం చప్పట్లు కొట్టే ప్రమాదం ఉంది. నా భయమల్లా అదే.

మీ బాబు మాట విన్నాక ఒకటి గుర్తొచ్చింది. భీమిలి అమ్మాయీ, ఐదుసార్లూ ఎడమ వైపే పడింది అన్నారు. ఆ ఎడమ పక్క చర్మాన్ని ఫ్రేముల్లో దగ్గరగా చూశారా? వల తాడు గానీ, గాయం గానీ ఉందేమో. రెమోరా అని ఒక చేప ఉంటుంది, తల మీద పలకలాంటి అవయవంతో పెద్ద జంతువుల ఒంటికి అంటుకుని తిరుగుతుంది. దాన్ని వదిలించుకోవడానికి డాల్ఫిన్లు ఎగిరి పక్కకి పడతాయని కొందరు పరిశోధకులు అంటారు. గాలిలో గిర్రున బొంగరంలా ఏడుసార్ల దాకా తిరిగే స్పిన్నర్ డాల్ఫిన్ల విషయంలో కూడా ఈ మాట వచ్చింది.

భీమిలి అమ్మాయి, మూసాపేట:

అందరికీ చాలా థ్యాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు అమీన్‌పూర్. ఆదివారం పొద్దున 6:30కి గట్టు మీద కూర్చున్నాను. మొదటి అరగంట గడియారం లేకుండా చూసింది చూసినట్టు రాశాను. కాగితం నిండా "మునిగింది, మునిగింది, మునిగింది". ఆ కాగితం చూస్తే బుడుబుంగ బతుకంతా మునగడమే అనిపిస్తుంది. రెండో అరగంట నిమిషానికొకసారి రాశాను. 30 వరసల్లో 8 మాత్రమే నీళ్ళ కింద మునిగి ఉన్నవి. 17 వరసల్లో ఊరికే తేలుతోంది, 3 వరసల్లో ఈకలు సర్దుకుంటోంది, 2 వరసల్లో నాకు కనిపించలేదు. అదే పక్షి, అదే గట్టు. నా కన్ను ఇంత తేడాగా చూస్తుందని అనుకోలేదు మాస్టారూ.

ఇక క్లిప్. మీరు ఎడమ పక్క చూడమన్న రాత్రే డ్యూటీ అయ్యాక ఆఫీసులో ఉండిపోయాను. 400 శాతం పెద్దది చేస్తే బొమ్మ గళ్ళుగళ్ళుగా అయిపోతుంది, అందుకని 200 దగ్గర ఆపి, వెలుగు తగ్గించి, ఐదు ఎగురుళ్ళూ పక్కపక్కన పెట్టుకున్నాను. రెండోదాంట్లో, ఎడమ పక్క రెక్క వెనక, జానెడు పొడవు బూడిద రంగు పట్టీ లాంటిది ఉంది. ఒక చివర ఒంటికి అతుక్కుని ఉంది, రెండో చివర డాల్ఫిన్ పడేటప్పుడు దానికి విడిగా ఊగింది. 11 ఫ్రేముల పాటు స్పష్టంగా కనిపిస్తోంది. నాలుగోదాంట్లో కూడా అక్కడే ఉంది, 6 ఫ్రేములు. మొదటిదాంట్లో తుంపర అడ్డం వచ్చింది, మూడు, ఐదుల్లో ఒళ్ళు అటు తిరిగి ఉంది. నేను పుస్తకంలో చూసింది గడిలో "బూడిద పట్టీ, ఒక చివర ఊగుతోంది" అని రాశాను. అనుకున్నది గడిలో "రెమోరా? తాడు ముక్క?" అని రాశాను. తాడైతే ఏం చేయాలన్న దిగులు ఇంకా పోలేదు. 91 ఫ్రేముల ఆగడం గురించి రెండో గడి ఖాళీగానే ఉంది.

తమ్ముడూ, నువ్వు అడిగినవి బావని అడిగాను. ఇంజిన్ ఆపే ఉందట, వల అప్పటికింకా దించలేదట. నెత్తళ్ళు ఉన్నాయో లేదో గుర్తులేదన్నాడు. ఇకమీదట తెప్పలోనే చిన్న పుస్తకం పెట్టుకుంటానన్నాడు.

ఒడ్డు పని మావయ్య తీసుకున్నాడు. పావురాలకొండ ఎక్కితే బాగా కనిపిస్తుంది గానీ మోకాళ్ళు సహకరించవు, అందుకని లైట్‌హౌస్ దగ్గర కూర్చుంటున్నాడు. పొద్దున 6:00 నుంచి 7:30 దాకా, ఐదు నిమిషాలకొకసారి. రోజూ రాత్రి ఫోన్‌లో చదువుతాడు, నేను ఇక్కడ ఎక్కించుకుంటాను, పక్కన ఆ రోజు గాలి అంకె రాస్తాను. మొదటి మూడు రోజులు వరసగా ఏమీ లేదు అనే చదివాడు. నాలుగో రోజు, "అమ్మడూ, ఏమీ లేనిదానికి ఇంత కాగితం ఎందుకే" అని అడిగాడు. బుడుబుంగ సంగతి చెప్పాను. ఐదో రోజు "6:40, రెండు వీపులు, దక్షిణంగా వెళ్ళాయి, తెప్పలు దగ్గర్లో లేవు, గాలి పడమట నుంచి" అని రాశాడు. గాలి దిక్కు నేను అడగలేదు, తనే రాశాడు. వేట నిషేధం మొదలయ్యేలోపు ఇంకా కొన్ని పొద్దుటిపూటలు చేతిలో ఉన్నాయి.

చివరగా ఒక సాయం కావాలి. ఎగిరిన డాల్ఫిన్ వీపు రెక్క ఒక ఫ్రేమ్‌లో పక్క నుంచి పడింది. వెనక అంచున, పై నుంచి మూడో వంతు దగ్గర, బొటనవేలు పట్టేంత గాటు ఉంది. దాని కిందే ఇంకో చిన్న గాటు, రెండూ కలిపి చూస్తే కొరికిన జామకాయ అంచులా ఉంటుంది. భీమిలి నుంచి రుషికొండ దాకా ఎవరైనా డాల్ఫిన్ ఫొటోలు తీసి ఉంటే, పాతవైనా సరే, ఇలాంటి రెక్క ఉందేమో ఒకసారి చూడండి. ఫొటో తీసిన తేదీ, పడవ మీదా ఒడ్డు మీదా, దాని ఎడమ పక్క ఏమైనా కనిపిస్తోందా, ఇవి చెప్తే చాలు.